ఎవర్రా పాడిందీ?

“బాగుందిరా. ఎవరు పాడిందీ?”

హెడ్‌ఫోన్స్ తీసి మంచం మీద పెడుతూ మా నాయన అడిగిన మాట ఇది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. ఆ పాట పాడింది ఆయనే. నాలుగు రోజుల ముందు, ఇదే గదిలో, ఇదే మంచం మీద కూర్చుని. మధ్యలో నేను చేసిందల్లా కొంచెం ఎడిటింగ్.

ఆ ‘కొంచెం’ ఎంతో చెప్పాలంటే ముందు మా గది గురించి చెప్పాలి.

మాది నాయుడుపేట. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో, మేడ మీద ఒంటి గది. పగలు మేనకూరు సెజ్‌లో ఉద్యోగం, షిఫ్ట్ దిగాక ఈ గదిలో పాటలు. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. బీరువా రెండు తలుపులూ తెరిచి, వాటి మీద అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీస్తే అదే స్టూడియో. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, మూడు వేల రూపాయల యూఎస్‌బీ మైకు, ఆడాసిటీ సాఫ్ట్‌వేర్. ఆడాసిటీకి పైసా కట్టక్కర్లేదు. 1999లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఇద్దరు మొదలుపెట్టారు, 2000లో అందరికీ ఫ్రీగా వదిలారు. నాలాంటి వాళ్ల చేతికి రావడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది, అంతే.

ఈ మైకులతో ఒక చిక్కు. గొంతూ, ఫ్యానూ, కింద పోర్షన్ వాళ్ల కుక్కర్ విజిలూ, చెన్నై వైపు పోయే గూడ్సూ... దానికి అన్నీ ఒకటే. అందుకని ఫ్యాను ఆపాలి. మార్చి నెల నాయుడుపేటలో ఫ్యాను ఆపి, తలుపులేసుకుని, బొంతల మధ్య కూర్చుని పాడటం ఎట్లుంటుందో మీరే ఊహించుకోండి.

మాకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇది దేశంలో చాలామందికి ఉండదు. రాకెట్లు! శ్రీహరికోట మాకు తిన్నగా కొలిస్తే నలభై కిలోమీటర్లు. 2023 జూలై 14న చంద్రయాన్-3 పోయిన మధ్యాహ్నం నేను గిటార్ రికార్డ్ చేస్తున్నా. 2:35కి అందరం మేడ మీద నిలబడి చూశాం. ఆ మెరుపు అట్లా పైకి పోగానే గదిలోకొచ్చి మళ్లీ రికార్డ్ నొక్కా. అది పోయిన రెండు నిమిషాలకి అప్పుడొచ్చింది శబ్దం, తీరిగ్గా. కాంతి ముందు, ధ్వని వెనక అని బళ్లో చదువుకున్నదే, కానీ పరీక్ష రాశాక మర్చిపోయినట్టున్నా. ఆ టేక్‌లో గిటార్ కింద సన్నగా ఒక గుర్రు ఉంటుంది. హైపాస్ ఫిల్టర్ వేస్తే పోతుంది. వెయ్యలేదు. చంద్రుడి మీదకి పోయిన బండి చప్పుడు నా పాటలో ఉందంటే తీసేయబుద్ధి కాలేదు.

అదే బుద్ధి నాయన విషయంలో ఏమైపోయిందో!

నాయన రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు చేశాడు. సాయంత్రమైతే చెక్కభజన గురువు. చూడని వాళ్లకి చెప్తున్నా: చేతిలో కొయ్య చెక్కలు, వాటికి చిన్న చిన్న ఇత్తడి బిళ్లలు, కాళ్లకి గజ్జెలు. గురువు ఒక వరస పాడతాడు, జట్టు అందుకుంటుంది, అడుగులేస్తుంది. నిదానంగా మొదలైన పాట పోను పోను జోరందుకుంటుంది. చివరికొచ్చేసరికి చూసేవాళ్లకి కూడా కాళ్లు ఆగవు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు చెక్కభజన, కోలాటం జట్లు పోతుంటే టీవీలో చూసే ఉంటారు.

చుట్టుపక్కల పల్లెల్లో నాయన నేర్పిన జట్లు ఐదారున్నాయి. స్వర్ణముఖి అవతల అమ్మమ్మ వాళ్ల ఊరి జట్టు ఆఖరుది. పద్నాలుగు మంది పిల్లలు, ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా. మూడేళ్లు నేర్పాడు. తర్వాత మిల్లు దుమ్మూ, దానికి తోడు బీడీలూ లెక్క అడగడం మొదలుపెట్టాయి. నాలుగు మెట్లెక్కితే నిలబడిపోయేవాడు. నెల్లూరులో డాక్టర్ ఎక్స్‌రే చూసి, “మాట్లాడండి పెద్దాయనా, పాడకండి” అన్నాడు. (మమ్మల్ని 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఆస్పత్రికైనా, బట్టలకైనా నాయన నోట నెల్లూరే.)

శ్రీరామనవమికి నెల ముందు డోలక్ మామ ఇంటికొచ్చాడు. సొంత మామ కాదు, వరసకి.

“అల్లుడా, నువ్వేదో కంప్యూటర్లో పాటలు చేస్తావంట గదా. మీ నాయన గొంతు పట్టి ఇయ్యి. మేం పెట్టె పెట్టుకుని పిల్లోళ్లని ఆడిస్తాం. పండక్కి గురువు లేకపోతే ఎట్టా?”

నాయన ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడని అమ్మ చెప్పింది.

ఆరు పాటలు. నాలుగు సాయంత్రాలు. గురువు వరస పాడాక జట్టు అందుకోవడానికి ఖాళీ ఉండాలి కాబట్టి, ఆ ఖాళీల్లో నాయన మనసులో పాడుకుంటూ వేళ్లతో మోకాలి మీద తాళం వేసేవాడు. బాగా పాడాడు. కానీ ఊపిరి! సగం వరసకి ఒకటి, వరస చివర పెద్దది ఒకటి. లోపలికి పోయేటప్పుడు సన్నగా ‘కుయ్’ మని ఈల కూడా.

ఆడాసిటీలో రికార్డ్ చేసిన శబ్దం ఎట్లా కనిపిస్తుందో చూసినవాళ్లకి తెలుసు. పాడినచోట కొండలు, ఆగినచోట గీత. నాయన పాటలో కొండకీ కొండకీ మధ్య గొంగళిపురుగుల్లాగా ఊపిరులు. మొదటి పాటలోనే అరవై ఒకటి లెక్కపెట్టా.

అన్నిటినీ కోసేశా.

ఎందుకంటారా? గుడి ముందు మైకులో ఊరంతటికీ మా నాయన ఆయాసం వినపడకూడదని. ఆయన నేర్పిన పిల్లలు ‘తాత అయిపోయాడు’ అనుకోకూడదని. ఇది నిజం. ఇంకో నిజం కూడా ఉంది. నా పనితనం చూపించుకోవాలని. ‘ఓ పాపా లాలి’ సినిమాలో ఇళయరాజా చేసిన పాట ఒకటుంది కదా, బాలుగారు చరణం మొత్తం ఊపిరి తీసుకోకుండా పాడినట్టు వినిపిస్తుందే, అది. చిన్నప్పుడు మేమంతా ముక్కు మూసుకుని దాంతో పోటీపడి ఓడిపోయినవాళ్లమే. మా నాయన చేత కూడా అట్లా పాడించాలని నాకు.

కోయడం అంత తేలికేం కాదు. ఎక్కడపడితే అక్కడ కోస్తే ‘టిక్’ మంటుంది. కంప్యూటర్లో శబ్దం అంటే మామూలుగా సెకనుకి 44,100 చుక్కలు. ఆ చుక్కల్ని కలిపే గీత మధ్యరేఖకి పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది. గీత పైనున్న చోట కోసి, కిందున్న చోటికి అతికిస్తే మధ్యలో మెట్టు పడుతుంది. స్పీకర్ ఆ మెట్టు దూకేటప్పుడు వచ్చేదే ఆ టిక్. అందుకని గీత మధ్యరేఖని దాటే చోటే కోయాలి. ఆడాసిటీలో కావాల్సిన ముక్క సెలెక్ట్ చేసి జెడ్ నొక్కితే అంచుల్ని ఆ చోటికి అదే జరుపుతుంది. ఆ పైన అతుకు దగ్గర చిన్న క్రాస్‌ఫేడ్. ఒక ముక్క తగ్గుతుంటే ఇంకోటి పెరుగుతుంది.

ఇది కంప్యూటర్లు కనిపెట్టిన విద్య కాదు. టేపుల కాలంలో స్టూడియోల్లో బ్లేడుతో టేపుని కోసి, అతుకు టేపు వేసి కలిపేవాళ్లు. నిటారుగా కాదు, ఏటవాలుగా కోసేవాళ్లు. ఏటవాలు కోత మీదుగా టేపు పోయేటప్పుడు పాత శబ్దం తగ్గుతూ కొత్తది పెరుగుతూ వస్తుంది. మనం మౌస్‌తో లాగే క్రాస్‌ఫేడ్ దానికి మనవడు. తేడా ఏంటంటే, బ్లేడు పట్టుకున్నవాడికి భయం ఉండేది. నాకు కంట్రోల్ జెడ్ ఉంది.

ఉందనుకున్నా.

ఊపిరులు తీసేశాక వరసలు ముందుకు జరిగి తాళం చెదిరింది. ఆడాసిటీలో ఒక ముక్కని డిలీట్ చేస్తే వెనకున్నదంతా ముందుకొచ్చి ఆ ఖాళీని మూసేస్తుంది మరి. దానికీ మందు వేశా. క్లిక్ ట్రాక్ పెట్టి, నిమిషానికి 100 దెబ్బల లెక్కన, ఒక్కో వరసని కోసి లాక్కొచ్చి దెబ్బ మీద కూర్చోబెట్టా. మూడు రాత్రులు పట్టింది. నాలుగో రాత్రి విన్నా. అబ్బ! క్యాసెట్లో పాటలాగా ఉంది. ఎక్కడా వణుకు లేదు, ఆయాసం లేదు, గీత గీసినట్టు.

అది విన్నాకే నాయన అడిగాడు, ఎవరు పాడిందీ అని. అమ్మ వంటింట్లోంచి, “ఎవురో కుర్రోడు పాడినట్టుండాదే” అంది. నేను ఈ రెండు మాటల్నీ మెచ్చుకోలు కిందే లెక్కేసుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

శనివారం రాత్రి రామాలయం ముందు రిహార్సల్. పెన్‌డ్రైవ్ పెట్టి, యాంప్లిఫయర్ ఆన్ చేసి, పెద్ద ఇంజనీరులాగా పక్కకి జరిగి నిలబడ్డా. నాయన రాలేదు. ఆయన్ని పండగ రోజే తీసుకొద్దామని మా ఆలోచన.

మొదటి వరస వచ్చింది. జట్టు అందుకుంది. ఖాళీ అయిపోయి రెండో వరస మొదలైంది. సగం మంది ఇంకా మొదటి వరసే పాడుతున్నారు. సగం మంది తిరిగేశారు. ఒక పిల్లోడి చెక్క ఇంకో పిల్లోడి మోచేతికి తగిలింది. “మళ్లీ పెట్టు” అన్నాడు మామ. మళ్లీ అదే. నాలుగుసార్లు పెట్టాం. నాలుగోసారి డోలక్కి పాట అందలేదు, కాదు కాదు, పాటకే డోలక్ అందలేదు. మామ చేతులు అలవాటు కొద్దీ ముందుకు ఉరుకుతున్నాయి, పాట మాత్రం నేను కట్టేసిన చోటే కట్టేసినట్టుంది.

మామ డోలక్ మీద చెయ్యి పెట్టి ఆపేశాడు.

“ఊపిరేదిరా?”

“తీసేశా మామా. ఆయాసం వినపడతాదని.”

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. “పాటలో మాటలు ఈ పిల్లోళ్లకి మీ నాయన కంటే బాగా వచ్చు. మాకు కావాల్సింది మాట కాదు అల్లుడా. ఎప్పుడు అనేది. అది ఆయన ఊపిరి చెప్తాది.”

ఇంటర్ చదివే పిల్ల, జట్టులో ముందు నిలబడేది, ఇంకా సూటిగా చెప్పింది. “తాత ఊపిరి తీస్తే మేం కాలు తీస్తామన్నా.”

అప్పుడు అర్థమైంది. గురువు మధ్యలో నిలబడి పాడుతుంటే జట్టు ఆయన ముఖం చూడదు, తిరుగుతూ ఉంటుంది కాబట్టి చూడలేదు కూడా. చెవితోనే పట్టుకోవాలి. వరస మొదలయ్యే ముందు ‘హ్’ అని పీల్చే ఊపిరే వాళ్లకి సైగ. మామూలు ఊపిరైతే అదే జోరు. పెద్ద ఊపిరైతే ఇప్పుడు వేగం మారుతుంది, కాసుకోండి అని. పాట జోరు పెరిగేది ఆ ఊపిరుల దగ్గరే. నేను చెత్త అనుకుని ఊడ్చేసింది వాళ్ల మెట్లని.

సరే, ఊపిరులు మళ్లీ పెట్టేస్తే పోలా అనుకుని ఇంటికొచ్చా. ల్యాప్‌టాప్ తెరిచా.

లేవు.

ఆడాసిటీలో కంట్రోల్ జెడ్ ప్రాజెక్టు తెరిచి ఉన్నంతసేపే. సేవ్ చేసి మూసేస్తే ఆ చరిత్ర పోతుంది. 2021లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి క్లిప్ అంచు పట్టుకుని లోపలికి లాగితే ఆ భాగం దాక్కుంటుంది తప్ప పోదు, మళ్లీ బయటికి లాగొచ్చు. కానీ నేను అంచులు లాగలేదు. మధ్యలో సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కా. అరవై ఒకటి సార్లు, ఒక్క పాటకే. అసలు రికార్డింగ్ కాపీ ఇంకోచోట పెట్టుకున్నానా? ల్యాప్‌టాప్‌లో చోటు చాలక, ఎడిటింగ్ అయ్యాక అవి కూడా తీసేశా. రీసైకిల్ బిన్‌తో సహా.

ఇది చదివేవాళ్లలో ఇంట్లో రికార్డ్ చేసుకునే పిల్లలుంటే ఒక్కటే మాట. అసలు ఫైలుని ముట్టుకోవద్దు. కాపీ మీద ఎంతైనా కొయ్యండి. ఈ మాట నాకు యూట్యూబ్‌లో వందమంది చెప్పారు. వందసార్లు తలూపా.

రాత్రి పన్నెండింటికి గుర్తొచ్చింది, అక్క! సూళ్లూరుపేటలో ఉంటుంది. మొదటిరోజు సాయంత్రం, “నాయన పాడతా ఉండాడు చూడు” అని రెండు పాటలు వాట్సాప్‌లో పంపించా. అక్క ఫోన్‌లో అవి ఇంకా ఉన్నాయి. తిరిగి పంపించింది. కానీ నేను పక్కనున్న ఫోన్‌లో వాయిస్ మెసేజ్‌గా పట్టి పంపినవి అవి. డాక్యుమెంట్‌గా అసలు ఫైలే పంపి ఉంటే చెక్కుచెదరకుండా ఉండేది. వాయిస్ మెసేజ్ అంటే మాట అర్థమైతే చాలన్నట్టు నొక్కి చిన్నది చేసేస్తుంది. గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. గుడి ముందు పెట్టడానికి పనికిరాదు.

పొద్దున్నే నాయనకి వినిపించా. కళ్లు మూసుకుని విన్నాడు. పాట అయ్యేదాకా మోకాలి మీద వేలు ఆడుతూనే ఉంది.

“ఇది నేను” అన్నాడు.

మళ్లీ పాడాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎందుకు పాడాలో మామ వచ్చి చెప్పాడు. నాయన నా వైపు తిరిగి, తిడతాడనుకున్నా, “ఊపిరి కోస్తే పాటేం మిగులుతాదిరా” అని నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది.

పండక్కి పదహారు రోజులు. ఈసారి రెండు వరసలు పాడితే పది నిమిషాలు ఆగాల్సి వచ్చేది. ఇన్‌హేలర్, గోరువెచ్చని నీళ్లు, మళ్లీ రెండు వరసలు. మధ్యలో గూడ్సు వస్తే అది పోయేదాకా ఇద్దరం మాట్లాడుకోకుండా కూర్చునేవాళ్లం. తొమ్మిది సాయంత్రాలు. ఒక్కో సాయంత్రం ఒక్కో గొంతు. ఒకరోజు బొంగురు, ఒకరోజు సన్నం. మైకుకి దూరం మారకుండా నేల మీద సుద్దముక్కతో కుర్చీ కాళ్ల గుర్తులు గీశా. అమ్మ రోజూ పొద్దున తుడిచేసేది. రోజూ గీసేవాణ్ణి. గది ఖాళీగా ఉన్నప్పటి నిశ్శబ్దం కూడా అర నిమిషం విడిగా పట్టి పెట్టుకున్నా. అతుకుల మధ్య ఖాళీలో పూర్తి మౌనం పెడితే గొయ్యిలో పడ్డట్టు తెలిసిపోతుంది. ఆ గది నిశ్శబ్దాన్ని పరిస్తే తెలీదు.

వేగం మాత్రం క్లిక్ ట్రాక్‌తో పెట్టలేదు. అక్క పంపిన వాట్సాప్ పాట ఉంది కదా, దాన్ని నాయన ఒక చెవిలో పెట్టా. దాంతో పాటు పాడమన్నా. అది రెండు పాటలకే. మిగతా వాటికి మామ వచ్చి డోలక్ బదులు దిండు మీద వాయించాడు, మైకులో పడకుండా. ఫోన్‌లో తాళం కొట్టి చూస్తే ఆ వాట్సాప్ పాట 84 దగ్గర మొదలై 130 దాటి ఆగింది. నేను మొత్తం పాటని 100కి కట్టేశానంటే మామ చేతులు ఎందుకు ఉరికాయో చూసుకోండి.

నెల కిందటి తన గొంతుతో కలిసి పాడుతూ నాయన మధ్యలో ఆపి, “ఈయన నాకంటే బాగా పాడతా ఉండాడే” అన్నాడు. నవ్వాలో లేదో తెలీలేదు. రికార్డింగ్ ఆపేశా.

చివరికి ఐదు పాటలకి 143 క్లిప్పులు. ఆరోది జోరు పాట, అది నాయన వల్ల కాలేదు.

ఈసారి కోతలన్నీ ఊపిరికి ముందు పెట్టా, తర్వాత కాదు. ఇది చిన్న సంగతిలాగా ఉంటుంది గానీ మొత్తం ఇందులోనే ఉంది. ప్రతి క్లిప్పూ పీల్పుతో మొదలవుతుంది. అప్పుడు అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు, ఎందుకంటే మనిషి పాటలో అతుకులు ఉండేదే అక్కడ. మొదటిసారి నేను గొంతుకీ గొంతుకీ అతికించా. ఈసారి ఊపిరితో అతికించా.

కానీ అన్ని ఊపిరులూ ఉంచితే అది పాట కాదు, ఆస్పత్రి. ఆదివారం మామ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కటీ వినిపిస్తుంటే, “ఇది పిలుపు”, “ఇది ఆయాసం”, “ఇది పిలుపే, కానీ పొట్టి” అని చెప్తూ పోయాడు. ఆ మనిషికి మౌస్ పట్టుకోవడం కూడా రాదు. నాకు ఆ గొంగళిపురుగులన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఆయన కళ్లు తెర మీద లేవు కూడా, కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. పిలుపుల్ని అట్లాగే ఉంచా. ఆయాసాల్ని తీసెయ్యలేదు, తగ్గించా, వెనక ఎక్కడో ఉన్నట్టు. ఈలని మాత్రం వీలైనంత అణిచేశా.

మూడో పాట చివర ఒకటి దగ్గర పంచాయితీ పడింది. పిలుపూ కాదు, ఆయాసమూ కాదు. రెండూ. పొడుగ్గా, చివర కొంచెం వణుకుతూ. నేను తగ్గిద్దామన్నా. మామ వద్దన్నాడు. నాయన్ని పిలిచి వినిపించాం.

“ఉండనీండి. ఆడ నిజంగానే అలిసిపోయినా. పాట కూడా ఆడ అలిసిపోవాల.”

పండగ రాత్రి గుడి ముందు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. మొదటి పాట ముందు స్పీకర్లోంచి ఆ ‘హ్’ వచ్చింది. పద్నాలుగు జతల చెక్కలు ఒక్కసారి పైకి లేచాయి. నేను పాట విన్లేదు, నిజం చెప్తున్నా. ప్రతి అతుకు దగ్గరా చేతులు పిడికిళ్లు బిగించుకుని నిలబడ్డా. ఎవరూ ఏ అతుకూ గుర్తుపట్టలేదు. నాలుగో పాటప్పుడు కరెంటు పోయి వచ్చింది. మళ్లీ మొదట్నుంచి పెట్టాం. ఆరో పాట మామ పాడాడు. మామ డోలక్ బ్రహ్మాండంగా వాయిస్తాడు, అంతవరకే చెప్తా.

నాయన మాత్రం ప్రతి వరస ముందూ, స్పీకరు పీల్చినప్పుడల్లా కుర్చీలో తనూ పీలుస్తూనే ఉన్నాడు. పాడలేదు. పీల్చాడంతే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి, మెట్లు నిదానంగా ఎక్కి, మంచం మీద కూర్చుని, ఇన్‌హేలర్ తీసుకుని, అప్పుడు అన్నాడు:

“నాలుగో పాటలో రెండో చరణం తప్పు పాడినా. మాట మార్చేసినా. కరెంటు పోయి రెండుసార్లు వినిపించినారు గూడా.”

ఆ పాటని నేను వందసార్లు విని ఉంటా. తప్పు నాకు తెలీనే తెలీదు.

“ఎవురూ గమనించలేదు నాయనా.”

“గమనించినారు. ఆ పిల్ల నా పక్క చూసి నవ్వింది.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఊపిరిని ఏం జెయ్యొద్దు. అది మాత్రం కొయ్యి.”

“కోస్తే ఆడ ఖాళీ వస్తాది. మళ్లీ పాడాల్సిందే.”

“అయితే ఆ ఫ్యాను ఆపు” అన్నాడు.

టైము రాత్రి పన్నెండున్నర. నేల మీద గుర్తులు అమ్మ పొద్దున్నే తుడిచేసింది. సుద్దముక్క కోసం వెతకడం మొదలుపెట్టా.